డ్రైవర్ విశ్వనాథం గారికి

పోయిన నెల ఒక మధ్యాహ్నం, నాన్న భోంచేసి పడక్కుర్చీలో కునుకు తీస్తుండగా, జగదల్‌పూర్‌లోని మా ఇంటి తలుపు కొట్టి ఒకావిడ లోపలికి వచ్చింది. నా ఈడుదే ఉంటుంది. ప్రయాణంలో నలిగిన చీర, చేతిలో గుడ్డ సంచి. "డ్రైవర్ అప్పలనాయుడి కూతుర్నండి, పద్మని. విజయనగరం నుంచి వస్తున్నాను" అంది. ఆ పేరు చెవిన పడిందో లేదో నా ముక్కుకు డీజిల్ వాసన తగిలింది. ఆ మనిషి ఈ ఊరు విడిచి నలభై ఏళ్ళు దాటింది. ఆ వాసన సంగతే ఆమెతో అన్నాను. "ఆయన ట్రంకు పెట్టెలోంచి ఆ వాసన ఇంకా పోలేదండి. ఆయనే పోయారు" అని, సంచిలోంచి ఒక లావుపాటి రైల్వే రూళ్ళ పుస్తకం తీసి, దాని మధ్యలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే మా బట్టల దుకాణం బిల్లు కాగితం. దాని వెనక నా తొమ్మిదో తరగతి చేతిరాత, కింద వెలిసిపోయిన కుంకుమ వేలిముద్ర. మా నానమ్మది.

ఆ కాగితం ఏమిటో చెప్పాలంటే ముందు నాన్న కళ్ళ గురించి చెప్పాలి. ఆయనకు చిన్నప్పటి నుంచి రైలింజన్ నడపాలని పిచ్చి. పుట్టింది భోపాల్‌పట్నంలో. అక్కడికి అప్పటికీ ఇప్పటికీ రైలు లేదు కనుక ఆ పిచ్చి ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు. కుర్రతనంలో ఇంట్లో చెప్పకుండా రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, రాతపరీక్షలో నెగ్గి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు రంగు చుక్కల పుస్తకం ఒకటి తెరిచి "ఇందులో అంకె ఎంత?" అని అడిగితే, నాన్న చాలాసేపు చూసి "అంకె ఏది సార్?" అన్నాడట. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే. అలాంటి కళ్ళున్న మనిషిని ఇంజన్ ఎక్కనివ్వరు. ఇంటికి వచ్చి పడితే మా తాతయ్య ఏమాత్రం ఆలోచించకుండా తీసుకుపోయి జగదల్‌పూర్‌లో చీరల దుకాణంలో కూర్చోబెట్టాడు.

రంగులు తెలియని మనిషి చీరలు ఎలా అమ్మాడని అడుగుతారు. అందులోనే ఉంది ఆయన గొప్ప. చీర మడత విప్పి గిరాకీ ముందు పరిచి, "మీరు దీన్ని ఏ రంగంటరమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. ఆవిడ చిలకపచ్చ అంటే "చిలకపచ్చనే, బాగ చెప్పిన్రు" అనేవాడు. ఆవిడ మొహం కాస్త ముడుచుకుంటే ఆ చీర తీసేసి ఇంకోటి పరిచేవాడు. తెలుగులోనూ, హిందీలోనూ, ఇక్కడి కొండవాళ్ళ హల్బీలోనూ ఇదే వరస. తన అభిప్రాయం రుద్దకుండా మన మాట వినే సేఠ్ ఈ బజారు మొత్తానికి ఈయనొక్కడే అని ఊరంతా పేరు పడింది. అసలు గుట్టు ఇంట్లో నానమ్మకు, అమ్మకు, నాకు తెలుసు. బయటివాళ్ళలో ఒక్క అప్పలనాయుడు గారికే తెలుసు.

ఆయన బైలదిల్లా కొండల నుంచి విశాఖ రేవుకు ఇనుప రాయి మోసే బండ్లకు డ్రైవరు. భార్యాపిల్లలను విజయనగరంలో ఉంచి, ఇక్కడ రైల్వే క్వార్టర్‌లో ఒంటరిగా ఉండేవాడు. డ్యూటీ దిగితే స్నానమైనా చేయకుండా మా దుకాణంలో బల్ల మీద వచ్చి కూర్చునేవాడు. గంజి పెట్టిన కొత్త బట్టల వాసనలో ఆయన ఖాకీ చొక్కా డీజిల్ వాసన కలిసేది. అమ్మ చీరలకు మసి అంటుతుందని గొణిగేది, నాన్న మాత్రం తన కుర్చీ బల్లకు ఇంకాస్త దగ్గరికి జరుపుకునేవాడు. మూడు ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి కట్టి కొండ ఎక్కడం, వానాకాలం పట్టాల మీద చక్రం జారితే ఇసక వదలడం, ఇవన్నీ ఆయన చెబుతుంటే నాన్న గిరాకీని కూడా మరిచిపోయేవాడు. పొద్దుగూకే వేళకు ఊరవతల డీజిల్ కూత వినబడేది. నానమ్మ గడియారాన్ని నమ్మేది కాదు. ఆ కూతను బట్టే దీపం పెట్టేది. బండి ఆలస్యమైన రోజు మా ఇంట్లో దేవుడికీ ఆలస్యమే.

ఇలా వినీ వినీ ఒక ఎండాకాలం నాన్న ఇంట్లోనే రైలు మార్గం వేయడం మొదలుపెట్టాడు. దుకాణం వెనకే మా ఇల్లు. దేవుడి గది నుంచి హాలు మీదుగా, వసారా మీదుగా, సందువైపు వాకిలి దాకా ఒకటే వరస. బట్టల బేళ్ళతో వచ్చే చెక్కలు పరిచి, వాటి మీద వెదురు బద్దలు మేకులతో కొట్టి పట్టాలన్నాడు. దేవుడి గది, ఇనుప రాయి బండికెత్తే కిరండూల్. హాలు మధ్య స్తంభం జగదల్‌పూర్. అమ్మ కూర్చుని బియ్యం ఏరుకునే చోటు అరకు. వాకిలి మెట్టు దిగితే, కాళ్ళు కడుక్కునే గంగాళం దగ్గర విశాఖపట్నం. వ్యాగన్లు నానమ్మ వాడేసిన నశ్యం డబ్బాలు. పది వ్యాగన్లు కావాలని నాన్న అనేసరికి నానమ్మ తన వంతు సాయంగా నశ్యం ఇంకాస్త ఎక్కువ పీల్చడం మొదలుపెట్టింది. ఇంట్లో మాటతీరు కూడా మారిపోయింది. "అరకుల చేట ఎవరు పెట్టిన్రు?" అని నాన్న అరిస్తే, "ఇగ నేను కోరాపుట్‌ల కూసొని ఏరుకుంట తియ్యి" అని అమ్మ విసుక్కుంటూ నాలుగడుగులు ముందు స్టేషన్‌కి జరిగేది.

అన్నీ కుదిరాయి, ఇంజనే లేదు. కొండగావ్ వైపు నుంచి సోమారు అని ఇత్తడి బొమ్మలు పోతపోసే ఆయన మా దుకాణానికి బట్టలకు వచ్చేవాడు. మట్టి మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, మైనం కరిగి పోయిన చోట ఇత్తడి పోస్తారు వాళ్ళు. అచ్చు పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు, అందుకని ఏ బొమ్మకూ జోడు ఉండదు. నాన్న ఆయనకు డీజిలింజన్ చేసిపెట్టమని చెప్పాడు. సోమారు మూడు రోజులు రైల్వే గేటు దగ్గర నిలబడి బండ్లు చూసి వెళ్ళి, రెండు నెలలకు గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పసిబిడ్డంత బరువు. ముందు నుదుటి మీద దీపం ఒంటి కన్నులా ఉంది. ఎడమవైపు కిటికీలూ మెట్లూ అచ్చం ఇంజనే. కుడివైపు మాత్రం జింకలూ నెమళ్ళూ. ఇదేమిటంటే, గేటు దగ్గర తనకు ఒక పక్కే కనబడిందని, చూడని పక్క చేయడం అబద్ధమవుతుందని, అందుకని తాను చూసినవే అటు పెట్టానని చెప్పాడు. బొమ్మ డ్రైవరు ఇంజన్ పైన ఎక్కి కూర్చున్నాడు, ఎందుకంటే లోపల కూర్చుంటే ఎవరికి కనబడతాడు? చక్రాలు తిరగడం లేదని నాన్న అంటే, మీ గుళ్ళో ఇత్తడి గుర్రం కాళ్ళు కదులుతాయా అని ఎదురడిగాడు. నాన్న ఒక పూటంతా మొహం వేలాడేశాడు. సాయంత్రానికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారపు రీళ్ళు నాలుగు చక్రాలుగా బిగించి ఒక చిన్న చెక్క బండి చేసి, దాని మీద ఇంజన్ నిలబెట్టాలని నిర్ణయించుకుని, ఆ రాత్రికి దాన్ని హాల్లో గూట్లో పెట్టి పడుకున్నాడు.

తెల్లారితే శుక్రవారం. మా ఇంట్లో శుక్రవారం పొద్దున ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమాలి, ఆ పని నాది. గూట్లో దీపపు సెమ్మెల పక్కన ఉన్న ఇంజన్‌ను కూడా నేనే తోమాను, తోమి బోర్లించాను. నానమ్మ వచ్చి చూసింది. మెరిసిపోతున్న ఇత్తడి, నుదుట కన్ను, పైన వీరుడు, పక్కన జింకలూ నెమళ్ళూ. ఇంకేం కావాలి? తీసుకుపోయి దేవుడి గదిలో పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టింది. నాన్న దుకాణం నుంచి భోజనానికి వచ్చి చూసేసరికి ఇంజన్ మెడలో, అంటే మెడ ఉండాల్సిన చోట, చామంతి దండ ఉంది.

"అమ్మా, అది రైలింజన్" అన్నాడు నాన్న.

"కానియ్యి. దేవుడు గరుడుని మీద వస్తడు, నెమలి మీద వస్తడు. దీని మీద రావద్దని ఎవరన్నరు?"

"అది కింద పట్టాల మీద నడవాలెనే."

"బొట్టు పెట్టినంక మల్ల నేల మీద ఈడుస్తవా? బుద్ధి ఉండే మాట్లాడుతున్నవా విశ్వం?"

అంతటితో సరి. నాన్న ఊళ్ళో ఎవరితోనైనా వాదించి గెలవగలడు గానీ నానమ్మతో కాదు. వారాలు గడిచాయి. నానమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, అది కూడా ఇంజన్ ఖాతాలోకే పోయింది. నాన్న రోజూ దేవుడి గది గడప దగ్గర నిలబడి దండం పెట్టుకునేవాడు. ఆయనకు అంత భక్తి ఎప్పుడు వచ్చిందని పక్కింటివాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆయన చక్రాల కొలతలు చూసుకుంటున్నాడని మాకు తెలుసు.

ఇంతలో పట్టాల వెంట స్తంభాలు లేచాయి, వాటి మీద తీగలు లాగారు. ఇక మా మార్గంలో కరెంటు ఇంజన్లే వస్తాయన్నారు. డీజిల్ వాళ్ళలో చాలామంది కొత్త బండి నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. అప్పలనాయుడు గారు ఒప్పుకోలేదు. "దానికి గుండె సప్పుడు ఉండదండి శెట్టిగారూ. బతికుందో లేదో మనకెలా తెలుస్తాది?" అన్నాడు. తన ఇంజన్లతో పాటు ఉత్తరాది వైపు ఎక్కడికో బదిలీ రాయించుకున్నాడు. సోమవారం ప్రయాణం. ఆ వార్త విన్న రోజు నాన్న అన్నం సగంలో లేచాడు. ఆయన ఇంజన్ ఎన్నడూ ఎక్కలేడు, అది ఎప్పుడో తెలిసిపోయిన సంగతి. ఆ ఇత్తడి ఇంజన్‌ను ఒక్కసారైనా, నిజం డ్రైవరు పక్కన నిలబడి చూస్తుండగా, కిరండూల్ నుంచి విశాఖ దాకా నడపాలని మాత్రం ఆయన ఆశ. ఆదివారం సాయంత్రం దాటితే చూసేవాడు ఉండడు.

శనివారం నేనే నానమ్మ దగ్గర కూర్చుని, నశ్యం డబ్బా అందిస్తూ, "దేవుడు గుడిలనే ఉంటడా, ఎన్నడన్న బయటికి వస్తడా?" అని అడిగాను. "ఉత్సవమప్పుడు రాడా? మన దసరాకు తల్లి రథమెక్కి ఊరంత తిరుగదా?" అంది. అని, నశ్యం పట్టు ముక్కు దగ్గరే ఆపేసి, నావైపు ఓరగా చూసింది. "మీ నాయిన పంపిండా?" నేను తల అడ్డంగా ఊపాను. నిజంగా ఆయన పంపలేదు. ఆపిన పట్టు పీల్చి, "రేపు ఏకాదశి. ఊరేగింపు జేస్తే తప్పులేదు" అంది.

ఆదివారం సాయంత్రానికి పట్టాల మీద పసుపు నీళ్ళు చల్లారు. వాటి పొడవునా బేళ్ళు కట్టే తాడు ఒకటి పరిచారు. దాని ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస వాకిట్లో పెట్టిన పాత కుట్టుమిషన్ చక్రానికి. నాన్న ఆ పిడి తిప్పితే బండి రావాలి. ఆయన తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, మిషన్ ముందు ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నేను గార్డును, నా చేతిలో ఆకుపచ్చ రవికె గుడ్డ. నానమ్మ హారతి పట్టుకుని కిరండూల్లో నిలబడింది. అప్పలనాయుడు గారు ఉతికిన యూనిఫారం వేసుకుని వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాడు. నాన్న ఎవరికీ చెప్పకుండా ఆయన కోసం ఒక కొత్త ముచ్చట చేశాడు. స్తంభం దగ్గర రేకు బిళ్ళతో ఒక సిగ్నల్. బిళ్ళకు ఒక పక్క ఎరుపు, ఒక పక్క ఆకుపచ్చ. దారం లాగితే తిరుగుతుంది. తలుపులకు వేసిన రంగు డబ్బాలు మిగిలి ఉంటే, మూతల మీద పేర్లు చదివి వేశాడు. రంగులేసినవాడు మూతలు తారుమారు చేసి పోయాడని ఆయనకు తెలిసే దారి లేదు.

నేను పచ్చగుడ్డ ఊపాను. నాన్న గర్వంగా దారం లాగాడు. బిళ్ళ తిరిగింది. నిగనిగలాడే ఎరుపు.

అప్పలనాయుడు గారి చెయ్యి దానంతట అదే పైకి లేచింది. "ఆగండి."

"ఏంది డ్రైవర్ సాబ్?" అన్నాడు నాన్న, పిడి మీద చెయ్యి తీయకుండా.

ఆయన బిళ్ళ వైపు చూశాడు, నా చేతిలో గుడ్డ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. నానమ్మ చేతిలో కర్పూరం కరిగిపోతోంది. ఎరుపు దాటి ఎన్నడూ చక్రం తిప్పని మనిషి ఆయన. బొమ్మ రైలే కదా అని వదిలేయడం ఆయన వల్ల కాదు. ఎర్రగా ఉందని చెబితే, నాన్నకు ఎవరో డాక్టరు ఎప్పుడో చెప్పిన మాటను ఆయన సొంత ఇంట్లో, అందరి ముందు, తెల్ల చొక్కా తొడుక్కున్న రోజున మళ్ళీ చెప్పినట్టు. నాకు ఏడుపు వచ్చేసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సిగ్నల్ పన్జెయ్యటం లేదండి శెట్టిగారూ."

"నిన్ననే చేసిన. కొత్తది. ఎట్ల పనిచేయదు?"

"కొత్తవే సెడిపోతాయండి. మా లైన్లో రోజూ ఇదే బాధ. సిగ్నల్ సెడితే స్టేషన్ మాస్టర్ కాగితం రాసివ్వాలి. ఆ కాగితం సేతిలో ఉంటేనే బండి కదలాలి. రూలు."

నాన్న కోపం ఎక్కడికి పోయిందో. "కాగితమా?" అన్నాడు మెల్లగా.

నేను దుకాణంలోకి పరిగెత్తి బిల్లు కాగితం తెచ్చాను. స్టేషన్ మాస్టర్ ఎవరంటే, దేవుడి మీద అధికారం ఎవరిదో ఆవిడే అని తేలింది. అప్పలనాయుడు గారు నిటారుగా నిలబడి చెబుతుంటే నేను రాశాను. మొదటి ముక్కే "డ్రైవర్" అని. "పేరు ఎవరిది రాయాలె?" అని అడిగాను. "బండి నడిపీవోడి పేరేనమ్మా. మరెవరిది రాస్తారు?" అన్నాడు. రాశాను. డ్రైవర్ విశ్వనాథం గారికి. జగదల్‌పూర్ సిగ్నల్ పనిచేయనందున, మీరు జాగ్రత్తగా చూసుకుంటూ బండి ముందుకు తీసుకుపోవడానికి అనుమతి ఇవ్వడమైనది. నానమ్మ హారతి పళ్ళెం అమ్మకిచ్చి, కుంకుమలో బొటనవేలు అద్ది గట్టిగా నొక్కింది. "జాగ్రత్తగ పో విశ్వం" అని నోటితో కూడా అనుమతి ఇచ్చింది.

బండి కదిలింది. ఇత్తడి దేవుడు దండ వేసుకుని, వెనక పది నశ్యం డబ్బాల నిండా ఎర్రమట్టితో, గంట గణగణల మధ్య జగదల్‌పూర్ దాటాడు. కోరాపుట్ దాటాడు. అరకు దగ్గర అప్పలనాయుడు గారు నోటితో డీజిల్ కూత కూశాడు, సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. వసారా అంచు దాటితే దిగుడు చెక్క. కొండ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఉండాలన్న సంగతి ఇంత పెద్ద రైల్వే బుర్రలు రెండింటికీ తట్టలేదు. పసిబిడ్డంత బరువు ఒక్కసారి జారింది. తాడు వదులైంది, నాన్న పిడి ఉత్తినే గిర్రున తిరిగింది. ఇంజన్ విశాఖపట్నంలో ఆగకుండా సరాసరి సముద్రంలోకి, అంటే కాళ్ళు కడుక్కునే గంగాళంలోకి, బుడుంగున దూకింది. డబ్బాలన్నీ వెంటే వెళ్ళాయి.

నానమ్మ మెల్లగా వాకిట్లోకి వచ్చి, గంగాళంలోకి తొంగి చూసి, "నిమజ్జనం గూడ అయిపాయె. ఇగ నీ ఇంజన్ నువ్వు తీస్కో" అంది.

తమాషా ఏమిటంటే నాన్న తీసుకోలేదు. తుడిచి, తనే పట్టుకుపోయి మళ్ళీ పీట మీద పెట్టాడు. అప్పలనాయుడు గారు వెళ్ళేముందు నాన్న ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు. "డిపోలో అప్పజెప్పాలండి, రూలు" అని ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రూలంటే నాన్నకు వేదం కనుక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు డీజిల్ కూత ఊరి అవతల చాలాసేపు మోగింది. ఆ తర్వాత దీపం ఎప్పుడు పెట్టాలో తెలియక నానమ్మ కొన్నాళ్ళు అందరితో పోట్లాడింది. మొన్నామధ్య నా మనవడికి బొమ్మ రైలు కొన్నాం. ఫోన్‌లో వేలు పెడితే అదే వెళుతుంది, అదే కూస్తుంది, రంగులన్నీ సరిగ్గా ఉంటాయి. వాడు రెండు రోజులు చూసి పక్కన పడేశాడు. నాన్న మాత్రం "దీనికి మనతో ఏం పని ఉన్నది?" అని అడిగాడు.

ఇదంతా పద్మకు చెప్పేసరికి నాన్నకు మెలకువ వచ్చింది. ఆయనకు తొంభై. పద్మ ఎవరో చెప్పి, భూతద్దం తెచ్చి కాగితం ఒళ్ళో పెట్టాను. పై పంక్తి దగ్గర భూతద్దం చాలాసేపు ఆగింది. "డిపోల ఇస్తనని చెప్పి తన దగ్గరనే దాసుకున్నడా?" అన్నాడు చివరికి. పద్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఇక దాచడం ఎందుకని నేను గొంతు తగ్గించి, "నాన్నా, ఆ రోజు సిగ్నల్ చెడిపోలేదు" అన్నాను.

"ఎర్రగున్నది. తెల్సు."

"నీకెట్ల తెల్సు?"

"మీ మొఖాలు చూసిన గద. అరవై ఏండ్లు చీరలు ఎట్ల అమ్మిన అనుకుంటున్నవ్?"

"మరి అప్పుడే చెప్పకపోయినవా? రంగు మార్చి నడిపించేటోళ్ళం."

నాన్న నా తెలివికి జాలిపడ్డట్టు చూశాడు. "చెప్తే కాగితం ఎవరు రాస్తుండె?" అన్నాడు. దాన్ని పాత మడతల మీదే మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పద్మకు టీ పెట్టమని నాకు చెప్పాడు.